సైన్సు ప్రశ్నిస్తే సంఘం అలగాలా?

తెల్లవారుజామున మైపాడు ఒడ్డున నిలబడి చూడండి. వేటకు బయలుదేరే మత్స్యకారుడు బోటును నీళ్లలోకి నెట్టేముందు ఒక్క నిమిషం ఆగుతాడు. గంగమ్మను నమ్మినవాడు సముద్రానికి దండం పెట్టుకుంటాడు. మన సంఘానికి చెందినవాడైతే తలగుడ్డ తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే పని చేస్తారు. జేబులోంచి సెల్‌ఫోను తీసి వాతావరణ హెచ్చరిక ఏమైనా వచ్చిందేమో చూసుకుంటారు.

2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్ని కొట్టింది. ఆ తర్వాత 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. తుపాను రోజుల్లో కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో అడగని ఇల్లు పాలెంలో ఉండదు. ప్రార్థన చేశాం కదా, హెచ్చరికతో పనేమిటని ఎవరూ అనరు. హెచ్చరిక చూశాం కదా, ప్రార్థన ఎందుకనీ అనరు. సముద్రం మీద బతికేవాడికి లేని తగువు ఒడ్డున కూర్చున్న మనకెందుకు వచ్చింది?

సైన్సును ప్రచారం చేసేవారు మత విశ్వాసాన్ని ఎదిరించాలా, దానితో కలిసి నడవాలా అన్నది ప్రపంచమంతా నలుగుతున్న ప్రశ్న. అది వాళ్లు తేల్చుకోవలసిన విషయమని మనం పక్కకు తప్పుకోలేం. వాళ్లు ఎదిరిస్తే ఎదుట నిలబడేది మనమే. కలిసి నడుస్తామంటే పక్కన నడవాల్సిందీ మనమే. ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో ఎదురుకాలేదు. ఒక సమాధి దగ్గర ఎదురైంది. అందుకే ముందు ఆ సంగతి చెప్పాలి.

మౌనం ఖరీదు

చాలా ఏళ్ల కిందటి మాట. తీరంలోని ఒక పాలెంలో మేము సేవ చేస్తున్న రోజులు. మా సంఘంలో ఒక సోదరుడికి దగ్గు పట్టుకుంది. కళ్లె పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. ప్రభుత్వాసుపత్రి నుంచి మాత్రలు ఉచితంగా ఇచ్చారు. ఆరు నెలలు వాడాలన్నారు. రెండు నెలలకే దగ్గు తగ్గింది, ఒంట్లోకి కాస్త కండ వచ్చింది, మళ్లీ వేటకు పోసాగాడు.

ఆ రోజుల్లోనే దగ్గరి ఊళ్లో స్వస్థత కూటాలు జరిగాయి. ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు, నిజంగా నమ్మినవాళ్లు మందులు వేదిక దగ్గర వదిలేసి పొమ్మన్నాడు. మా సోదరుడు తన మాత్రల పెట్టె అక్కడ పెట్టి వచ్చాడు. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మందులన్నీ వదిలేసినా. ఇంక దేవుడే నాకు డాక్టరు" అన్నాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

క్షయ మాత్రలు మధ్యలో మానేస్తే ఏమవుతుందో మాకు తెలుసు. కొంచెం తగ్గినట్టే ఉంటుంది. లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారై మళ్లీ లేస్తాయి. అది తెలిసీ మేము చెప్పలేదు. చెబితే, పాస్టరుగారికే విశ్వాసం లేదని పదిమందీ అంటారేమోనని జంకాం. "దేవునికి స్తోత్రం" అని ఊరుకున్నాం.

మండలంలో ఒక సైన్సు మాస్టారు ఉండేవారు. బడి అయ్యాక ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద ప్రదర్శనలు ఇచ్చేవారు. ఆరోగ్య కార్యకర్త ద్వారా సంగతి తెలిసి, ఆయన నేరుగా పాలెం వచ్చారు. వలలు బాగుచేసుకుంటున్న నలుగురి మధ్యలో మా సోదరుణ్ణి పట్టుకుని, "ఎవడో చెబితే మందులు పారేస్తావా? నీకు బుద్ధుందా? నీ దేవుడొచ్చి నీ ఊపిరితిత్తులు కడుగుతాడా?" అని కేకలేశారు. ఆయన చెప్పిన వైద్యం నూటికి నూరుపాళ్లు నిజం. కానీ తన వాళ్ల ముందు తలవంచుకోవాల్సి వచ్చిన మనిషికి ఆ నిజం వినబడలేదు. "చచ్చినా ఆ మాత్ర ముట్టను సార్, పోండి" అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు.

కొన్ని నెలలకు దగ్గులో నెత్తురు పడింది. నెల్లూరు పెద్దాసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. భూస్థాపన చేసి వస్తుంటే అతని భార్య మమ్మల్ని ఒక్కటే అడిగింది: "మీకు ముందే తెలుసంట కదయ్యగారూ. ఒక్క మాట చెప్పుంటే మీ మాట వినేవోడు కదా?"

సెమినరీలో మేము చదివిన ఏ గ్రంథంలోనూ ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ రోజు సమాధుల దొడ్డి గేటు దగ్గర సైన్సు మాస్టారు కూడా నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి, "నేను అరవకుండా చెప్పాల్సింది పాస్టరుగారూ" అన్నారు. "మేము నోరు తెరవాల్సింది మాస్టారూ" అన్నాం. ఆయన కేకా, మా మౌనమూ కలిసి ఒక మనిషిని పోగొట్టాయి. ఎదిరించాలా, కలిసి నడవాలా అన్న ప్రశ్న అప్పటి నుంచి మమ్మల్ని వదల్లేదు.

రెండు దారులు

మన దేశంలో ఎదిరించే దారికి పెద్ద పేరు డాక్టర్ అబ్రహాం కోవూర్. 1898లో కేరళలోని తిరువల్లలో ఒక క్రైస్తవ గురువు ఇంట్లో పుట్టారు. శ్రీలంకలో స్థిరపడి, మోసానికి తావులేని పరిస్థితుల్లో అద్భుతం చేసి చూపినవారికి లక్ష రూపాయలిస్తానని సవాలు విసిరారు. 1978లో ఆయన కన్నుమూసేదాకా ఆ సొమ్ము ఎవరూ గెలుచుకోలేదు. ఆయన రచనలు తెలుగులోనూ ఎందరో చదివారు. మందిరపు నీడలో పెరిగిన బిడ్డ అంత కఠినంగా ఎందుకు ప్రశ్నించాడని మనం ఆలోచించాలి. ఎదిరించే దారిలో ప్రాణాలిచ్చినవారూ ఉన్నారు. మహారాష్ట్రలో మూఢనమ్మకాలపై పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆయనతో మన నమ్మకం కలవకపోవచ్చు. ఆయన నెత్తురు నేలమీద పడినప్పుడు మాత్రం మనం మౌనంగా ఉండకూడదు.

రెండో దారి మన తెలుగునేల మీదే కనబడుతుంది. వృక్షశాస్త్రం బోధించిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. గోరా తన నాస్తికత్వాన్ని ఎక్కడా దాచలేదు. అయినా రాముణ్ణి తలచుకోకుండా రోజు గడవని గాంధీజీతో కలిసి అంటరానితనం మీద పనిచేశారు. గోరా కుమార్తె పెళ్లి తానే జరిపిస్తానని ఒప్పుకున్న గాంధీజీ, ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు ఉంచడానికి అంగీకరించారు. గాంధీజీ హత్య తర్వాత, 1948లో, ఆ పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది. ఇద్దరిలో ఎవరూ తన నమ్మకం వదులుకోలేదు. ఒకరినొకరు వదులుకోలేదు కూడా.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరగా స్టువర్టుపురం ఉంది. నేరస్థ జాతులని బ్రిటిషువారు ముద్రవేసిన కుటుంబాల కోసం గత శతాబ్దం తొలినాళ్లలో అక్కడ సెటిల్‌మెంటు నడిపింది సాల్వేషన్ ఆర్మీ. దశాబ్దాల తర్వాత అదే ఊళ్లో అదే జనం మధ్య పనిచేయడానికి వచ్చినవారు గోరా కుమారుడు లవణం, ఆయన భార్య హేమలత. ఆమె మహాకవి గుర్రం జాషువా కుమార్తె. బైబిలు పట్టుకుని వచ్చినవారు మొదలుపెట్టిన చోటికి, దేవుడు లేడన్నవారు వచ్చి చేయి కలిపారు. తనకు చేయందించిన మనిషి ఏ సిద్ధాంతం చదివాడని గోతిలో ఉన్నవాడు అడగడు.

మందిరం వరండాలో రాత్రి బడి

నెల్లూరు జిల్లాకు ఈ విషయంలో ఒక సొంత చరిత్ర ఉంది. 1988లో పుట్టిన జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు 1990, 91 ప్రాంతాల్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఈ జిల్లా పల్లెలన్నీ తిరిగారు. మాకు అప్పటికి ఇరవై ఏళ్లు. మా పల్లెలో రాత్రి బడి పెట్టడానికి చోటు లేకపోతే ప్రార్థన మందిరం వరండాలోనే పెట్టారు. చదువు చెప్పే యువకుడికి దేవుడంటే నమ్మకం లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. సాయంత్రం ప్రార్థన నడుస్తుంటే లాంతరు పట్టుకుని బయట మెట్టు మీద కూర్చునేవాడు. ఆమెన్ వినబడగానే పలకలు పంచేవాడు. ఒక్కరోజు కూడా మా విశ్వాసాన్ని వేళాకోళం చేయలేదు. ఆరునెలలు తిరక్కుండా మా పెద్దమ్మ తన బైబిల్లో కీర్తనల గ్రంథం ఎక్కడుందో తానే వెతుక్కుంది!

ఆ చదువు ఎక్కడిదాకా పోయిందో రాష్ట్రమంతా చూసింది. మన జిల్లా మెట్ట ప్రాంతంలోని దూబగుంటలో అక్షరాలు నేర్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు ఊరూరా మార్మోగింది. ఆ నిప్పు జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారా తాగి వచ్చిన భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీలకు మనం అంతవరకూ ఓదార్పు ప్రార్థన చేశాం. సైన్సు కార్యకర్తలు ఒక పలక, ఒక పుస్తకం ఇచ్చారు. ప్రార్థన వృథా పోయిందని మేము అనడం లేదు. దేవుడు ఆ ప్రార్థనకు జవాబు పంపేటప్పుడు మనల్ని అడగకుండా, తనను నమ్మనివాడి చేతికి లాంతరిచ్చి పంపాడేమో! పారసీక రాజు కోరెషుకు తాను తెలియకపోయినా దేవుడు అతణ్ణి వాడుకున్నాడని యెషయా 45వ అధ్యాయంలో చదివే మనకు ఇది వింత కాకూడదు.

శ్రీహరికోట పాఠం

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాదే. అక్కడ రాకెట్ ప్రయోగం జరిగిన ప్రతిసారీ ఈ చర్చ మళ్లీ లేస్తుంది. 2023 జూలైలో చంద్రయాన్-3కి ముందు శాస్త్రవేత్తల బృందం నమూనాతో తిరుమల వెళ్లింది. ఇస్రో అధిపతి సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లారు. శాస్త్రవేత్తలకు ఇదేం పని అని కొందరు రచయితలు, హేతువాదులు నిలదీశారు. అది ఆ మనుషుల సొంత విశ్వాసమని మరికొందరు సమాధానమిచ్చారు.

మరో మతస్థుల ఆరాధన మీద తీర్పు చెప్పడం మా పని కాదు. మాకు శ్రీహరికోటలో కనబడే పాఠం వేరు. 1979 ఆగస్టు 10న మన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ గురి తప్పి బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టుకు సారథి అబ్దుల్ కలాం. వైఫల్యానికి బాధ్యత తనమీద వేసుకుని విలేకరుల ముందు నిలబడింది ఇస్రో అధిపతి సతీష్ ధావన్. ఆ రోజు ఎవరూ మీ విశ్వాసం చాలలేదని అనలేదు. ప్రతి భాగాన్నీ పరిశీలించారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు లోపం బయటపడింది. దాన్ని సరిదిద్దారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. గుడికి వెళ్లి వచ్చిన శాస్త్రవేత్త అయినా కౌంట్‌డౌన్‌లో ఒక్క పరీక్ష కూడా వదిలేయడు.

ఇప్పుడు మన వేదికల వైపు చూద్దాం. స్వస్థత జరగకపోతే మనం ఏమంటున్నాం? నీలో విశ్వాసం చాలలేదు, నీ ఇంట్లో ఏదో పాపం ఉంది అంటున్నాం. వాల్వు లోపాన్ని రోగి నెత్తిన రుద్దుతున్నాం. ధావన్‌లాగా, తప్పు మాది అని మైకు ముందు చెప్పిన ప్రసంగీకుణ్ణి మేము ఇంతవరకు చూడలేదు.

కృష్ణపట్నం వరుసలో మనమూ ఉన్నాం

2021 మే నెల ఎవరూ మరచిపోలేరు. కరోనా రెండో ఉప్పెన. ఆసుపత్రుల్లో మంచాలు లేవు, ఆక్సిజన్ కోసం పరుగులు. ఆ సమయంలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మూలికల మందు కోసం వేలమంది తరలివచ్చారు. పరీక్షించకుండా మందెలా పంచుతారని సైన్సు కార్యకర్తలు, వైద్యులు ప్రశ్నించారు. జనానికి కోపం వచ్చింది. చివరికి ఆయుర్వేద పరిశోధనా మండలి పరిశీలన తర్వాత, కళ్లలో వేసే చుక్కలను మినహాయించి మిగతా మందులకు మే 31న రాష్ట్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. వాటితో కరోనా నయమవుతుందని మాత్రం ఆ నివేదికలు తేల్చలేదు.

ప్రశ్నించడం తప్పా? కాదు. ప్రాణంతో ముడిపడిన దేన్నయినా పరీక్షించమని అడగడం ప్రేమే. అయితే ఆ వరుసలో నిలబడినవాళ్లను అజ్ఞానులని వెక్కిరించినవారికి ఒక సంగతి అర్థం కాలేదు. ఇంట్లో అమ్మకు ఊపిరాడక, మంచం దొరక్క, చేతిలో డబ్బు లేక వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్లను అక్కడికి తెచ్చింది భయం. భయపడినవాడికి ముందు ధైర్యం కావాలి, తర్వాతే పాఠం. ఆ వరుసలో మన సంఘాలవారూ ఉన్నారు. అంతేకాదు, కరోనా టీకా ప్రకటన గ్రంథంలోని మృగపు ముద్ర అనే పుకారు మన విశ్వాసుల ఫోన్లలోనే తిరిగింది. దాన్ని ఖండించడానికి మనలో ఎంతమంది కాపరులం ఆదివారం పది నిమిషాలు కేటాయించాం?

మన పెద్దలు నడిచిన దారి

విశ్వాసానికీ వైద్యానికీ శత్రుత్వం అంటగట్టేవారికి మన సంఘ చరిత్రే తెలియదు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో మిషన్ మొదలుపెట్టారు. ఆ మిషన్‌కు 1865లో వచ్చిన జాన్ క్లౌ, సువార్తికుడు కాకముందు అమెరికాలో సర్వే పని నేర్చినవాడు. 1876-78 కరవులో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఆయన ప్రార్థించి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని చూపించి కూలి ఇచ్చాడు. కూటికోసం మతం మారారనే మాట రాకూడదని కరవుకాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనిదే. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న కొలత గొలుసునూ గునపాన్నీ కూడా చెప్పుకోవాలి.

మా సోదరుణ్ణి బలిగొన్న క్షయ సంగతే చూడండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం ప్రారంభమైంది. దాన్ని నడిపించింది డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. వేర్వేరు మిషన్లు తమ తేడాలు పక్కనపెట్టి దాన్ని నిలబెట్టాయి. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇక వేలూరు సంగతి నెల్లూరు వాళ్లకు చెప్పాలా? పెద్ద జబ్బు చేస్తే మూటముల్లె సర్దుకుని మనం పోయేది అక్కడికే. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన సేవ అది. ఆ మిషనరీలు రోగి మంచం పక్కన మోకరించారు. తర్వాత లేచి చేతులు కడుక్కుని ఆపరేషన్ చేశారు. మాత్రలు పారేయించే బోధ వాళ్ల దగ్గర మనం నేర్చుకున్నది కాదు.

ప్రభువు ఏం చేశాడు?

సైన్సుకూ మతానికీ వేర్వేరు సరిహద్దులున్నాయని, ఒకరి హద్దులోకి ఒకరు రాకుంటే తగువే లేదని అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1997లో వాదించాడు. అలా కుదరదు, మతం చెప్పేవాటిని సూటిగా ఎదిరించాల్సిందేనని రిచర్డ్ డాకిన్స్ 2006లో పెద్ద పుస్తకమే రాశాడు. గూల్డ్ మాట మనకు హాయిగా ఉంటుంది. కానీ అందులో మనకొక చిక్కుంది. దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడని చెప్పినంతసేపు మనం మన హద్దులో ఉన్నాం. ఫలానా వ్యక్తికి క్యాన్సర్ మాయమైందని మైకులో ప్రకటించిన క్షణంలో మనం ప్రయోగశాల గుమ్మం తొక్కినట్టే. అక్కడ రిపోర్టు చూపమంటే అలగకూడదు.

ఈ విషయంలో యేసు ప్రభువు మాదిరి స్పష్టం. కుష్ఠరోగిని బాగుచేసి, వెళ్లి యాజకునికి కనబరచుకోమన్నాడు (మత్తయి 8:4). లేవీయకాండం 13వ అధ్యాయం ప్రకారం రోగాన్ని పరీక్షించి తేల్చే బాధ్యత ఆనాడు యాజకులదే. అంటే ప్రభువు తాను చేసిన స్వస్థతను పరీక్షకు పంపాడు! దేవుని కుమారుడు పరీక్షకు వెనుకాడలేదు. ఆయన సేవకులం మనమెందుకు వెనుకాడాలి?

రోగులకే వైద్యుడు అవసరమని ఆయన ఒప్పుకున్నాడు (మత్తయి 9:12). గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోతే, వారు మిగతావారికంటే పాపులా అని అడిగి, ఆ ఆలోచననే తోసిపుచ్చాడు (లూకా 13:4). సునామీ తర్వాత మన వేదికలమీద వినబడిన కొన్ని ప్రసంగాలకు ఆ వచనమే జవాబు. దేవదూతలు పట్టుకుంటారు కదా, దేవాలయ శిఖరం నుంచి దూకమని సాతాను అడిగితే, దేవుణ్ణి శోధించకూడదని తిప్పికొట్టాడు (మత్తయి 4:7). చేతిలో ఉన్న మందు పారేసి దేవుడేం చేస్తాడో చూద్దామనడం ఆ శిఖరం నుంచి దూకడం కాదా?

ఎదిరించడమా, కలిసి నడవడమా అంటే ఆయనలో రెండూ ఉన్నాయి. భక్తి పేరుతో బీదల్ని దోచే వ్యాపారుల బల్లలు పడదోశాడు. అందరూ అసహ్యించుకున్న జక్కయ్య ఇంటికి వెళ్లి భోంచేశాడు. భోజనం దగ్గర మారిన జక్కయ్యను బజారులో నిలబెట్టి తిట్టి ఉంటే మారేవాడా? పౌలు ఏథెన్సులో విగ్రహాలు చూసి లోలోపల కలత చెందాడు, పైకి మాత్రం వాళ్ల బలిపీఠం మీద రాతను చదివి అక్కడి నుంచే మాట మొదలుపెట్టాడు (అపొ. కార్యములు 17). మోసగాడి బల్ల పడదోయాలి. మోసపోయినవాడి పక్కన కూర్చోవాలి.

సైన్సు మిత్రులకూ, మన సంఘానికీ

శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో 51ఏ అధికరణంగా చేరింది. మన మత స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 25వ అధికరణం కూడా ప్రజారోగ్యానికి లోబడే ఆ స్వేచ్ఛ అంటుంది. మంత్రతంత్రాలతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనలకు వ్యతిరేకంగా 1954 నుంచీ చట్టం ఉంది. కాబట్టి సైన్సు మిత్రులారా, మా వేదికల మీద ప్రాణాలతో చెలగాటం కనబడితే తప్పక ప్రశ్నించండి. మా మనోభావాల కోసం ఆగకండి. మనిషి చచ్చిపోయాక గాయపడని మనోభావాలు ఎవరికి కావాలి? అయితే మిమ్మల్నొకటి కోరుతున్నాం. మైకు పట్టుకున్నవాణ్ణి గట్టిగా నిలదీయండి, మాత్ర పారేసినవాడితో మెల్లగా మాట్లాడండి. మందిరం మెట్టు మీద లాంతరుతో కూర్చున్న ఆ యువకుణ్ణి గుర్తుచేసుకోండి. కుదిరితే ముందు కాపరి ఇంటికి రండి. మీ మాట అతని నోట వస్తే రోగి వింటాడు.

సంఘానికి మేము చెప్పేది ఇంకా సూటిగా ఉంది. మన వల్ల జరిగే హానిని కప్పిపుచ్చుకోవడానికి సహజీవనం అనే మంచి మాటను అడ్డుపెట్టుకోవద్దు. రోగుల కోసం ప్రార్థిద్దాం. స్వస్థపరచే దేవుణ్ణి మేము నమ్ముతున్నాం. ఆ నమ్మకాన్ని ఎవరి ముందూ దాచం. కానీ ప్రార్థన ముగిశాక, మందు వేసుకున్నావా అని అడుగుదాం. బయటి ప్రసంగీకుణ్ణి పిలిచేముందు, మందులు మానమని చెప్పకూడదని ముందే మాట తీసుకుందాం. స్వస్థత సాక్ష్యం చెప్పేవారిని డాక్టరుకు చూపించుకుని రమ్మందాం.

ఆ సోదరుడు పోయినప్పటి నుంచి మేము పనిచేసిన ప్రతి సంఘంలో నెలకొక ఆదివారం ఈ ప్రకటన చేస్తున్నాం: బీపీ, షుగరు, మూర్ఛ, క్షయ, ఏ జబ్బుకైనా డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకండి. మొదట్లో కొందరు ముఖం చిట్లించారు. ఒకరిద్దరు వేరే సంఘానికి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాం. క్షయ మాత్రలు వాడే ఒక తల్లి రోజూ సాయంత్రం పాస్టరమ్మగారి దగ్గరికి వచ్చి, ఆమె ఎదుటే మాత్ర వేసుకుని, ప్రార్థన చేయించుకుని పోయేది. ఆరు నెలలు పూర్తయి, పరీక్షలో క్రిమి లేదని తేలిన రోజున ఆ కాగితం పట్టుకుని వచ్చి సంఘంలో సాక్ష్యం చెప్పింది. దేవుడు బాగుచేశాడంది. ఆసుపత్రివాళ్లకు వందనాలంది. వెనక బెంచీలో మేము పిలిస్తే వచ్చిన ఆ సైన్సు మాస్టారు కూర్చుని ఉన్నారు. మొదటి మాట ఆయన ఒప్పుకోరు. రెండో మాటకు చప్పట్లు కొట్టారు. మేము రెంటికీ కొట్టాం.

ఆ రోజు సమాధి దగ్గర అడిగిన ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదని మాకు తెలుసు. పోయిన మనిషి తిరిగి రాడు. కానీ అలాంటి ప్రశ్న మరో సోదరి నోట రాకుండా కాపాడుకోవడం మన చేతుల్లో ఉంది. సత్యం చెప్పే ధైర్యాన్నీ, దాన్ని ప్రేమతో చెప్పే మనసునూ ప్రభువు మనకూ, మనల్ని ప్రశ్నించేవారికీ అనుగ్రహించును గాక! ఆమెన్.